‘బాగున్నా’ అని అబద్ధమాడింది చాలు

కువైట్‌లోని తెలుగు అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా,

రాత్రి పదకొండు. గిన్నెలన్నీ కడిగి, తడి చేతులు తుడుచుకుని రాయచోటి అక్క ఇమోలో ఇంటికి ఫోన్ చేస్తుంది. అక్కడ ఒంటిగంటన్నర. పిల్ల ఎప్పుడో నిద్రపోయింది. మొగుడు వడ్డీ కట్టాల్సిన తారీఖు గుర్తుచేస్తాడు, తర్వాత అమ్మ మందులు, ఆ తర్వాత స్కూలు ఫీజు. ‘నువ్వెట్లుండావు?’ అని అడిగితే ‘బాగుండా’ అంటుంది. కెమెరా మాత్రం ఆన్ చేయదు.

ఎందుకు చేయదో మనకు తెలుసు. కడప డ్రైవరుదైనా, గోదావరి జిల్లాల ఖద్దామాదైనా అదే బాధ. వీసాకు చేసిన అప్పు తీరదు, నిద్ర పట్టదు, అన్నం సహించదు. ‘ఒళ్లు నొప్పులు’ అని చెప్పి పనడాల్ తెచ్చుకుంటాం. మనసు బాగాలేదంటే పిచ్చి అంటారేమో, కఫీల్ అకామా తీసేస్తాడేమో అని భయం. తీరా ఊరికి శవపెట్టె వెళ్లాక, ‘అయ్యో, ఒక్క మాట చెప్పలేదే’ అంటాం. చెప్పుకునే చోటెక్కడుంది?

ఆ చోటు కోసమే ఈ కరపత్రం. మన ఎంబసీని మేం అడిగేవి నాలుగే:

1. శుక్రవారం మనమంతా కలిసే మాలియాలో మనసు బాధ వినే, తెలుగు తెలిసిన కౌన్సెలర్‌ను కూర్చోబెట్టాలి. ఖర్చుకు 2009లో పెట్టిన భారత ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది. ఎంబసీ సేవలకు మనం కట్టే రుసుములోంచే అందులోకి డబ్బు చేరుతుంది. అడిగే హక్కు మనది.

2. మనసు బాధలకు సాయం చేసే ఫోన్ లైన్ టెలీ మానస్ (14416) 2022 అక్టోబరు 10న మన దేశంలో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడుతుంది. అది దేశంలో ఉన్నవాళ్ల కోసం పెట్టింది. కువైట్ నుంచీ చేసే వీలు కల్పించాలి.

3. ఇంటిపనివాళ్లకు వారానికొక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని కువైట్ 68/2015 చట్టం చెబుతోంది. సెలవే లేనిదే మాలియాకు ఎలా వస్తారు? అది అమలయ్యేలా ఎంబసీ పట్టుబట్టాలి.

4. విమానం ఎక్కకముందు ఇచ్చే శిక్షణలో, దిగులు ముదిరితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పాలి.

అంతవరకూ మన చేతిలో ఉన్నది చేద్దాం. పక్క మంచం మనిషి రెండు వారాలుగా నిద్రపోవడం లేదని గమనిస్తే, ఈ శుక్రవారం వెంటబెట్టుకుని టీకి తీసుకెళ్లండి. సలహాలు తర్వాత, ముందు వినండి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలొద్దు, కువైట్ అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. ఊళ్లో ఇంటివాళ్లకు దిగులుంటే 14416 వాళ్లకు ఇవాళే పనికొస్తుంది.

ఈ నాలుగు కోర్కెలతో ఎంబసీకి ఇచ్చే అర్జీపై సంతకం చేయండి. చదివాక ఈ కాగితం పారేయకండి, బయటికి రాలేని అక్కకు చేర్చండి.

ఇట్లు,
మీ తోటి కువైట్ తెలుగువాళ్లు