సరిపోద్దిలే!

మొన్న గుంటూరులో మా నాన్న అంబాసిడర్‌కి కుడి ముందు చక్రం వీల్ సిలిండర్లు మార్పించాం. "అంబాసిడర్‌దేగా, సరిపోద్దిలే" అని ఇచ్చాడు కొట్టాయన. బిగించడానికైతే సరిపోయాయి. తీరా చిలకలూరిపేట రోడ్డెక్కి బ్రేకు తొక్కితే బండి కుడికి లాగేసింది, ఎదురొచ్చే మిర్చి టిక్కీల ట్రాక్టరు మీదకి! వెంట్రుకవాసిలో తప్పింది.

విప్పి చూస్తే కొత్తవాటి బోరు పెద్దది. ఆయిలు ఒత్తిడి ఒకటే అయినా, బోరు పెద్దదైతే ఆ చక్రానికే పట్టు ఎక్కువ.

1950ల్లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన బండది. పేరొకటే, లోపల మార్పులెన్నో. వెర్షన్ చూడకుండా లైబ్రరీ కలిపేస్తే ప్రోగ్రామే ఆగుద్ది. ఇక్కడ బండి ఆగదు!

తప్పు కొట్టాయనదొక్కడిదేనా? పాత పార్టు చేత్తో పట్టుకెళ్ళని నాది కూడా. హారను దగ్గర సర్దుకుపోండి. బ్రేకుల దగ్గర మాత్రం 'సరిపోద్దిలే' అంటే ఒప్పుకోకండి.