ఎర్రర్ దాచే డ్రైవర్ కాదు.. చెప్పే డ్రైవర్ రాయండి

ఇంట్లో కరెంటు పోయింది. లైన్‌మన్‌కి ఫోన్ చేశారు. 'కరెంటు లేదండీ' అని ఊరుకుంటే ఆయన స్తంభం దగ్గర్నుంచి మీటరు దాకా అన్నీ చూసుకుంటూ రావాలి. అదే 'మా వరసలో మూడిళ్లకే లేదండీ, ఎదురింటికి ఉంది, స్తంభం మీద మెరుపు కూడా వచ్చింది' అంటే? ఏం పట్టుకురావాలో ఆయనకి అక్కడే తెలిసిపోతుంది. పోయిన కరెంటు ఒకటే. చెప్పిన తీరులోనే తేడా అంతా.

కంప్యూటర్‌లో ఆ ఫోన్ చేసే పని డ్రైవర్‌ది. డిస్కు, నెట్‌వర్క్ కార్డు, మెమొరీ.. వీటిలో ఏది మొరాయించినా ఆ సంగతి ముందుగా తెలిసేది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో ఉండే డ్రైవర్‌కే. అది సరిగ్గా చెబితేనే పైనున్నవాళ్లకి తెలుస్తుంది. మన కాలేజీల్లో మాత్రం 'డ్రైవర్ అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే ప్రోగ్రామ్' అని రెండు మార్కుల జవాబు రాసి వదిలేస్తాం. పాడైనప్పుడు ఆ ప్రోగ్రామ్ ఏం చెప్పాలన్నది సిలబస్‌లో కనపడదు. నిజానికి ఉద్యోగంలో చేరాక మన రాత్రులు కరిగిపోయేది అక్కడే.

గిట్‌లో నా పేరే

ఈ పాఠం నేను మొదటి ఉద్యోగంలో నేర్చుకున్నాను. మా టీం ఒక స్టోరేజ్ కార్డుకి లినక్స్ డ్రైవర్ రాసేది. ఒక కస్టమర్ దగ్గర సర్వర్ రోజుకోసారి ఆగిపోతోంది. లాగ్‌లో ఒకటే లైను: 'రీడ్ ఫెయిల్డ్, ఎర్రర్ మైనస్ 5'. లినక్స్‌లో మైనస్ 5 అంటే ఈఐఓ, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. ఆ సర్వర్‌లో అలాంటి కార్డులు నాలుగున్నాయి. ఏ కార్డో లేదు, ఏ డిస్కో లేదు, ఎందుకో అసలే లేదు. డిస్కులు మార్పించాం. ఫర్మ్‌వేర్ మార్చాం. రెండు వారాలు పోయాయి. చివరికి తేలిందేమిటంటే, కార్డుకీ డిస్కులకీ మధ్య ఒక కేబుల్ సరిగా బిగించలేదు. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాశాం.

అసలు బాధ అది కాదు. ఆ కార్డు మొదటిరోజే నిజం చెప్పింది. లింకులో సీఆర్‌సీ ఎర్రర్ వస్తోందని దాని స్టేటస్ రిజిస్టర్‌లో ఒక బిట్ వెలుగుతూనే ఉంది. డ్రైవర్ ఆ రిజిస్టర్‌ని చదివి, 'సున్నా కాదు కాబట్టి ఫెయిల్' అనుకుని, మిగతా సమాచారమంతా పారేసింది. ఆ లైను రాసిన మహానుభావుడెవరా అని గిట్ బ్లేమ్ కొట్టి చూస్తే నా పేరే వచ్చింది!

నాలుగు ముక్కలు చెప్పాలి

ఆ తర్వాత ఆ డ్రైవర్‌లో నేను చేసిన మార్పు పట్టుమని ముప్పై లైన్లు కూడా ఉండదు. అందులో ఉన్నది నాలుగు విషయాలే.

ఒకటి, ఎవరికి జరిగింది. ఉత్త 'పీఆర్ ఎర్' ఫంక్షన్‌తో రాస్తే ఏ పరికరమో తెలీదు. 'డెవ్ ఎర్' వాడితే డ్రైవర్ పేరు, పరికరం చిరునామా వాటంతటవే లైను ముందు వచ్చి కూర్చుంటాయి. రెండు, ఏం జరిగింది. స్టేటస్ రిజిస్టర్ విలువని ఉన్నదున్నట్టు ముద్రించాలి, పక్కనే ఏ బిట్‌కి ఏమిటర్థమో మాటల్లో చెప్పాలి. మూడు, ఎప్పుడు చదవాలి. చాలా పరికరాల్లో రీసెట్ చేయగానే ఆ రిజిస్టర్ తుడిచిపెట్టుకుపోతుంది. ముందు రీసెట్ చేసి తర్వాత చదివితే సాక్ష్యం కడిగేసి పోలీసుల్ని పిలిచినట్టే. నాలుగు, పైవాళ్లకి ఏం తిరిగివ్వాలి. సమయం మించిపోతే ఈటైమ్‌డ్‌అవుట్, పరికరమే కనపడకపోతే ఈనోడెవ్. అన్నింటికీ ఈఐఓ అంటగడితే పైనున్న ప్రోగ్రామ్ మళ్లీ ప్రయత్నించాలో, వదిలేయాలో ఎలా తేల్చుకుంటుంది?

అలాగని ప్రతిదానికీ గగ్గోలు పెట్టకూడదు. లినక్స్ వాడే మీలో కొందరు 'పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్' అనే లైను లాగ్‌లో వందలకొద్దీ వచ్చి డిస్కు నింపేయడం చూసే ఉంటారు. దానికి నెట్‌లో దొరికే చిట్కా 'పీసీఐ నో ఏఈఆర్' అని బూట్ ఆప్షన్ పెట్టడం. పెడితే గోల ఆగుతుంది, నిజమే. కానీ రేపు నిజంగా పెద్ద ఎర్రర్ వచ్చినా ఆ దారిన కబురు అందదు. అతిగా అరిచే డ్రైవర్ కూడా చివరికి నోరు మూయించుకుంటుంది. అందుకే కెర్నల్‌లో 'రేట్‌లిమిటెడ్' ఫంక్షన్లున్నాయి. ఒకేలాంటి లైన్లు ఒక హద్దు దాటితే ఆపుతాయి. ఎన్నిసార్లు జరిగిందో లెక్క మాత్రం సిస్‌ఎఫ్‌ఎస్‌లో కౌంటర్‌గా ఉంచొచ్చు.

'సరిదిద్దబడింది కదా, ఏముందిలే' అనుకునే ఎర్రర్లకి ఆ లెక్క ఎందుకంటారా? గూగుల్ సర్వర్లలోని మెమొరీ మీద జరిగిన అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. ఏడాదిలో దాదాపు మూడో వంతు మెషీన్లలో కనీసం ఒక సరిదిద్దిన ఎర్రర్ కనిపించింది. 8 శాతానికి పైగా మెమొరీ మాడ్యూళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి: సరిదిద్దిన ఎర్రర్లు వచ్చిన మాడ్యూల్‌లోనే, సరిదిద్దలేని ఎర్రర్ వచ్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే అది నివురుగప్పిన నిప్పు. లినక్స్‌లో 2006 నుంచీ ఉన్న ఈడాక్ విభాగం చేసేది ఈ లెక్క పెట్టడమే. సరిదిద్దినవి ఎన్ని, సరిదిద్దలేనివి ఎన్ని అని విడివిడిగా చూపిస్తుంది. ఆ అంకె పెరుగుతున్నప్పుడే మాడ్యూల్ మారిస్తే ఎవరి డేటా పోదు. ఆ డేటా బ్యాంకు ఖాతా కావచ్చు, ఆస్పత్రి రిపోర్టు కావచ్చు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్, మైక్రాన్ లాంటి చిప్ కంపెనీలకి హైదరాబాద్‌లోనే కేంద్రాలున్నాయి. డ్రైవర్, ఫర్మ్‌వేర్, వ్యాలిడేషన్ పనుల్లో రోజూ ఎదురయ్యేది ఈ వ్యవహారమే. దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ చాలు.

క్యూఎమూ ఎమ్యులేటర్‌లో 'ఎడ్యు' అనే పరికరం ఉంది. డ్రైవర్లు రాయడం నేర్చుకోవడానికే దాన్ని పెట్టారు. దానికొక చిన్న డ్రైవర్ రాయండి. ఇంటరప్ట్ రాకపోతే మీ డ్రైవర్ ఏం చెబుతుందో చూడండి. తర్వాత లినక్స్‌లోని 'డీఎం ఫ్లేకీ' వాడండి. కొన్ని సెకన్లు బాగా పనిచేసి, కొన్ని సెకన్లు ఫెయిలయ్యే డిస్కుని అది తయారుచేసి పెడుతుంది. డీమెసేజ్ కమాండ్ కొట్టి, వచ్చిన ప్రతి లైనూ కెర్నల్ సోర్సులో ఎక్కడ పుట్టిందో వెతకండి. లినక్స్ ఫౌండేషన్ వాళ్ల 'ఎ బిగినర్స్ గైడ్ టు లినక్స్ కెర్నల్ డెవలప్‌మెంట్' కోర్సు ఉచితం. ప్యాచ్ ఎలా తయారుచేయాలో, ఎవరికి పంపాలో అందులో ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. రెజ్యూమెలో 'కెర్నల్ కంట్రిబ్యూటర్' అని రాసుకోవడానికి కామాలు, ఫుల్‌స్టాపులు దిద్ది ప్యాచ్‌లు పంపకండి. మీ దగ్గర లేని పరికరం డ్రైవర్‌ని పరీక్షించకుండా మార్చకండి. వాటిని చదివి సరిచూసేవాళ్ల సమయం కూడా సమయమే. మీరు స్వయంగా ఇబ్బంది పడిన ఒక్క ఎర్రర్‌ని పట్టుకుని, తర్వాతివాడికి ఆ ఇబ్బంది లేకుండా చేస్తే చాలు. ఇంటర్వ్యూలో 'ఏదైనా కష్టమైన బగ్ గురించి చెప్పండి' అన్నప్పుడు మీకంటూ ఒక సొంత కథ ఉంటుంది. క్లాసులో అందరూ కాపీకొట్టిన లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టుకి ఆ బలం రాదు.

ఆ రోజు గిట్‌లో నా పేరు చూసి, ఎవరూ చూడకముందే చల్లగా సరిచేసేద్దామని ఒక్క నిమిషం అనిపించింది. కానీ డ్రైవర్ చేసిన తప్పే నేనూ చేసినట్టవుతుందిగా! మేనేజర్ దగ్గరికెళ్లి 'ఆ లైను నాదే సార్, ఇదీ కారణం, ఇదీ మార్పు' అని చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే: 'ఇలా పారేస్తున్న చోట్లు ఇంకెన్ని ఉన్నాయి?' వెతికితే పదకొండు దొరికాయి.

మీ ప్రాజెక్టు తెరిచి, ఈ సాయంత్రం మీరూ ఓసారి లెక్కపెట్టండి.