స్పృహలేనివాని సంతకము

స్పృహ తప్పినవానిపై, వాని సమ్మతి లేనిదే, ఏ పరిశోధనయు జరుపరాదని వాదించువారు 1947లో న్యూరెంబర్గ్ న్యాయస్థానము ప్రకటించిన నియమావళిలోని మొదటి సూత్రమును శిలాశాసనమువలె చూపుదురు. నాజీ వైద్యుల ఘోరకృత్యములను విచారించి వెలయించిన ఆ సూత్రమునెడ నాకును గౌరవము కలదు. కాని, నిర్బంధశిబిరములోని బందీ వలదని మొఱపెట్టగలిగియు వినువారు లేనివాడు. తల పగిలి రహదారిపై పడినవాడు ఔననుటకుగాని కాదనుటకుగాని నోరు లేనివాడు. ఆతనికై పుట్టిన రక్ష యీతనికి ఉరియగుచున్నది.

తలకు దెబ్బ తగిలినవారికి మెదడువాపు తగ్గునను నమ్మకముతో వైద్యులు ముప్పదియేండ్లకు పైగా స్టెరాయిడు ఎక్కించుచు వచ్చిరి. ఎవరిని అడిగి ఎక్కించిరి? ఎవరినియు అడుగలేదు, అడుగలేదేమని గద్దించిన నీతివేత్తయు లేడు, ఏలయన దాని పేరు చికిత్స! అదే మందును కొందఱికిచ్చి, కొందఱికి మందులేని ద్రవమునిచ్చి, మేలో కీడో తేల్చుకొందమనగానే అనుమతిపత్రమెక్కడ అని అడుగుదురు. క్రాష్ అను పరిశోధన అట్లు తేల్చబూని, 20,000 మందిని చేర్చుకొనదలచి, 10,008 మందితోనే ఆగిపోయెను. 2004లో వెలువడిన లెక్క యిది: రెండువారములలో మందు పొందినవారిలో నూటికి 21.1 మంది, పొందనివారిలో 17.9 మంది మరణించిరి. ముప్పదియేండ్లు జరిగినదియు ప్రయోగమే. లెక్క వ్రాసుకొనని ప్రయోగము.

బంధువుల సంతకమున్నది గదా యందురు. కొడుకు నెత్తుట మునిగియుండగా అయిదు నిమిషములలో నాలుగు పుటల కాగితముపై తండ్రి వేసిన వేలిముద్ర కాపాడునది కొడుకును కాదు, దస్త్రమును.

సమ్మతి లేకున్న సమస్తము చెల్లునని నేననుట లేదు. కొన్ని కట్టుబాట్లతో అట్టి పరిశోధనకు అమెరికా 1996లో దారితీసెను. ఆ దారిని, 2003లో, పాలీహీమ్ అను కృత్రిమరక్తము వచ్చెను. ఒల్లనివారు నీలిపట్టీ ముంజేత ధరింపవలెనట, ప్రమాదము ఏనాడు సంభవించునో ముందే యెఱిగినట్లు! పట్టీ హాస్యాస్పదమే, అపరాధము మాత్రము వేఱుచోట నున్నది. అంబులెన్సులో సాధారణముగా రక్తముండదు గనుక అచ్చట ఆ ద్రావణమును పరీక్షించుట సమంజసము. ఆసుపత్రి గడప దాటి, రక్తము అందుబాటులో నున్న పిమ్మటను, 12 గంటలవఱకు దానినే ఎక్కింపవచ్చునని ఏర్పాటు చేసికొనిరి. ఆ గడపకడ అడుగవలసిన ప్రశ్నను విడిచి, మనవారు వేలిముద్రకై సిరాపెట్టె వెదకుచున్నారు.