తీగ వేసినవారికే కాదు, వినియోగించినవారికీ మన్నన కావాలి

2024 డిసెంబరులో టి-ఫైబర్ సేవలు ప్రయోగాత్మకంగా ఆరంభమైన నాలుగు గ్రామాలలో మన పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ ఒకటి. మంథని ప్రాంతానికి ఇది సంతోషదాయకమైన విషయం. అయితే ఇటువంటి సందర్భాలలో ఎన్ని కిలోమీటర్ల తీగ వేశారో, ఎన్ని గ్రామాలను కలిపారో చెప్పడం ఆచారమైపోయింది. ఆ తీగ మూలాన ఏ విద్యార్థి ఏమి నేర్చుకున్నాడు, ఏ అధ్యాపకుడు ఏ నూతన మార్గం కనుగొన్నాడు అని అడిగేవారు అరుదు.

వెంట్రుకవలె సన్నని గాజు పోగులో కాంతి ప్రయాణిస్తుంది. అక్షరమైనా, చిత్రమైనా, స్వరమైనా ఆ కాంతి మినుకులుగా మారి కనురెప్పపాటులో దూరదేశాలకు చేరుతుంది. గాజులోని మలినాలను తొలగించగలిగితే ఇది సాధ్యమేనని చార్లెస్ కావ్ 1966లో తన సహచరునితో కలిసి ప్రతిపాదించారు. 2009లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. లోకం ఆ మేధావిని సముచితంగానే గౌరవించింది. కాని గాజు పోగు జ్ఞానం కాదు, జ్ఞానానికి దారి మాత్రమే.

మన దేశంలో సుమారు 1,500 ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలను కలిపే నిమిత్తం నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు కేంద్ర ప్రభుత్వం 2010 మార్చిలో ఆమోదం తెలిపింది. అంతకుముందే, 2003లో, ఐ.ఐ.టి.లు, బెంగుళూరు విజ్ఞాన సంస్థ కలిసి తమ పాఠాలను అందరికీ అందించే ఎన్.పి.టి.ఇ.ఎల్. పథకాన్ని ఆరంభించాయి. నేడు మంథనిలో కూర్చుని ఆ పాఠాలు వినవచ్చు. అయినా, కాలువ తవ్వినంత మాత్రాన పంట పండదని శ్రీరాంసాగర్ ఆయకట్టు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో విశ్వవిద్యాలయాలను, పాఠశాలలను కలిపే సెనిక్ అనే సంస్థ, ఈ అతివేగ జాలాన్ని పరిశోధనకు, విద్యకు వినూత్నంగా వాడినవారిని పురస్కారాలతో సత్కరిస్తూ వచ్చింది. పురస్కారం గొప్పతనం దాని వెలలో లేదు. ఒకరు చేసిన పని పదిమందికి తెలిసి, ఆ పదిమందీ అనుసరించడంలో ఉన్నది.

మన కళాశాల కూడా వార్షికోత్సవంలో ఇటువంటి గుర్తింపు నొకదానిని ఏర్పాటు చేయాలని నా అభిప్రాయం. దానికి మూడు నియమాలు చాలు: ఆ పని ఈ ప్రాంతపు అవసరాన్ని తీర్చాలి; ఇతరులు తిరిగి చేయగలిగేదై ఉండాలి; ఉర్దూ, తెలుగు విద్యార్థులిరువురికీ ఉపకరించాలి. ఉదాహరణకు, ఒక విజ్ఞానశాస్త్ర పాఠానికి రెండు భాషలలోనూ పదకోశం కూర్చవచ్చు. 2022 జూలైలో గోదావరి వరద మంథని పట్టణాన్ని ముంచెత్తింది. ఏ వీధిలో ఎంత ఎత్తున నీరు నిలిచిందో పెద్దలనడిగి నమోదు చేసి, సెంటినరీ కాలనీలోని జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకులతో తెరమీద చర్చించవచ్చు. ఇది చిన్న పనే, కాని నిజమైన పరిశోధన.

"గదులకు, పుస్తకాలకే డబ్బు చాలనప్పుడు ఈ బహుమతులెందుకు?" అని కొందరనవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఒక ప్రశంసాపత్రానికి, సంచికలో ఒక పుటకు అయ్యే ఖర్చు స్వల్పం. గుర్తింపు లేనిచోట ఉత్సాహం అణగిపోతుంది. అప్పుడు ఇంత శ్రమతో వచ్చిన తీగ కేవలం సినిమాలు చూసే సాధనంగా మిగులుతుంది. పట్టణాల పిల్లలు దానినే నిచ్చెనగా చేసుకొని పైకెక్కుతుంటే మన పిల్లలు ప్రేక్షకులుగా నిలిచిపోతారు. నష్టం ఇక్కడ ఉన్నది.

కనుక పాలకవర్గం పెద్దలకు నా విన్నపం: గుర్తింపుతోపాటు, తరగతులు ముగిసిన తరువాత కూడా కంప్యూటర్ గదిని తెరచి ఉంచే ఏర్పాటు చేయండి. తలుపు మూసి ఉన్న గదిలో ప్రతిభ వెలువడదు. విద్యార్థి మిత్రులారా! బహుమతి ప్రకటన కొరకు వేచి ఉండవద్దు. వచ్చే సంచికకు ముందే, చూపదగిన పని ఒక్కటైనా చేసి చూపండి.