ఇంటిపై సౌరవిద్యుత్తు: మొదటి సొమ్ము ఎవరిది?

2024 ఫిబ్రవరి మాసమున కేంద్రప్రభుత్వమువారు ‘ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన’ యను పథకమును ప్రకటించి, దానికి 75,021 కోట్ల రూపాయల వ్యయమును మంత్రివర్గముచే నామోదింపజేసిరి. దేశమునందలి కోటి యిండ్లకప్పులపై సోలారు పలకలను నిలిపి, ఒక్కొక్క కుటుంబమునకు నెలకు 300 యూనిట్ల వరకు ఉచితముగ విద్యుత్తు లభింపజేయుట దీని యుద్దేశము. ఉద్దేశము మిక్కిలి శ్లాఘనీయము. ఏడాదిలో మూడువందల దినములు ఎండ కాయు మన సీమలలో, ఆ ఎండను వృథాపుచ్చి, దూరదేశముల బొగ్గును ఓడలపై తెప్పించుకొనుట ఏ విధముగను వివేకము కాదు. అయినను ‘ఉచితము’ అను మాటను మేము యథాతథముగ గ్రహింపజాలకున్నాము. సూర్యుడు మనలను సుంక మడుగడు. నిజమే. కాని ఆయన కిరణములను పట్టు పలక యడుగును, దానిని మోయు ఇనుపచట్ర మడుగును, ఇన్వర్టరు అడుగును, తీగ, మీటరు, పనివాడు అడుగుదురు. కావున విచారింపవలసిన ప్రశ్న యొక్కటియే: ఈ మొదటి సొమ్మును ఎవరు పెట్టవలెను?

ముందుగ లెక్కను చూతము. పథకమును ప్రకటించినప్పుడు ప్రభుత్వమువారు మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటు ఒక్కింటికి 50,000 రూపాయల వంతునను, మూడవదానికి 45,000 రూపాయలును ప్రమాణధరగా గ్రహించిరి. ఆ ధరలో మొదటి రెండింటికి నూటికి 60 వంతున, అనగా కిలోవాటుకు 30,000 రూపాయలును, మూడవదానికి నూటికి 40 వంతున 18,000 రూపాయలును రాయితీగ నిత్తురు. మూడు కిలోవాట్లకు వెల 1,45,000; రాయితీ 78,000; గృహస్థు భరించునది 67,000. మూడు కిలోవాట్లకు మించినను రాయితీ 78,000కు మించదు. ఇంతవరకు లెక్క సొంపుగనే యున్నది. కాని రాయితీ ముందుగ చేతికి రాదు. పలకలు బిగించి, నెట్ మీటరు అమర్చి, విద్యుత్ పంపిణీ సంస్థ యుద్యోగులు పరీక్షించి యొప్పుకొనిన పిమ్మట గాని అది బ్యాంకు ఖాతాలో జమకాదు. అంతవరకు మొత్తమును గృహస్థు తానే సమకూర్చుకొనవలెను, లేదా అప్పు తేవలెను. మూడు కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండ, రిజర్వుబ్యాంకు రెపో రేటుపై అరశాతము మాత్రమే యధికముగ వడ్డీకి అప్పునిచ్చు నేర్పాటు పథకమునం దున్నది. అది మంచి యేర్పాటే. అయినను నెలజీతము, ఆదాయపత్రములు గలవానికి బ్యాంకుద్వారము తెరచుకొనునంత సులభముగ కూలివానికి తెరచుకొనదని అందరెరిగినదే.

ఇక ప్రయోజనము. మన ఎండలో ఒక కిలోవాటు పలకలు దినమునకు సుమారు నాలుగు యూనిట్లను, నెలకు 120 యూనిట్లను ఉత్పత్తిచేయును. ఆ 120 యూనిట్ల విలువ అన్ని యిండ్లలోను ఒకటి కాదు. ఈ సూక్ష్మమును వర్తకులు చెప్పరు. కొనువారును సామాన్యముగ నడుగరు. ఆంధ్రప్రదేశమున 2022-23లో నిర్ణయించిన గృహధరలను గైకొందము. మొదటి 30 యూనిట్లకు యూనిటుకు 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50; 225 వరకు 6; 400 వరకు 8.75, అటుపై 9.75. ఈ లెక్కను నెలకు 300 యూనిట్లు కాల్చు నింటికి కరెంటు వెల 1,673 రూపాయలగును. 100 యూనిట్లు కాల్చు నింటికి 304 రూపాయలు మాత్రమే. వాడుక మూడురెట్లు; వెల అయిదున్నర రెట్లు.

మొదటి యింటివాడు 67,000 రూపాయలు పెట్టి మూడు కిలోవాట్లు అమర్చుకొన్నచో ఏడాదికి సుమారు 20,000 మిగులును. మూడేండ్ల నాలుగు మాసములలో పెట్టుబడి తిరిగివచ్చును. రెండవ యింటివాడు ఒక్క కిలోవాటు పెట్టుకొన్నచో ప్రమాణధర ప్రకారము 20,000 రూపాయలు భరించును. ఏడాదికి 3,650 మిగులును. అయిదున్నర యేండ్లు పట్టును. ఇంతలోనే తారతమ్య మున్నది. కాని చిన్నపనికి ఇన్వర్టరు, చట్రము, తీగ, కూలి మొదలగునవి పెద్దపనికంటె అంతగా తగ్గవు. కావున కిలోవాటు వెల చిన్నయింటికే యధికము. వర్తకుడు ఒక్క కిలోవాటుకు 65,000 అడిగినాడనుకొందము: చిన్నయింటివాని వంతు 35,000, అది తీరుటకు తొమ్మిదిన్నర యేండ్లు. అదే మూడు కిలోవాట్లకు 1,80,000 అడిగినను, పెద్దయింటివానికి అయిదేండ్లలో తీరును. వెల పెరిగినకొలది చిన్నవాడే వెనుకబడుచున్నాడు. ఇవి వడ్డీని, స్థిరరుసుములను కలుపని స్థూలమైన లెక్కలు. కలిపినను సారము మారదు. ఇవ్విధముగ ఈ పథకము తనంతట తాను నడచినచో మేడలుగల వారికి లాభసాటి బేరమును, చిన్నయిండ్లవారికి సందేహాస్పదమైన బేరమును అగుచున్నది.

ఇట్లనుటలో పథకమును నిందించుట మా యభిమతము కాదు. దీనికి ముందు జరిగినదానిని మరువరాదు. 2010లో ఆరంభింపబడిన జాతీయ సౌరోద్యమ లక్ష్యమును 2015లో లక్ష మెగావాట్లకు పెంచి, అందు 40,000 మెగావాట్లు కప్పులపైననే యుండవలెనని, 2022 నాటికి పూర్తికావలెనని నిర్ణయించిరి. విశాలమైన బీడులలో కంపెనీలు పలకలు పరచుట వేగముగ సాగెను. ఇండ్లకప్పుల విషయమున మాత్రము ఆ గడువునాటికి లక్ష్యములో నాలుగవవంతు కూడ నెరవేరలేదు. కారణము ఎండ చాలకపోవుట కాదు. మొదటి సొమ్ము చాలకపోవుటయే.

తెలంగాణమున ఈ చిక్కు మరియొక రూపమున గాన్పించుచున్నది. అచట 2024 మార్చినుండి గృహజ్యోతి పథకము క్రింద నెలకు 200 యూనిట్ల లోపు వాడు అర్హులైన కుటుంబములకు బిల్లు లేదు. ఇట్టి యింటివాడు సోలారు పలకలు కొన్నచో అతనికి మిగులునది సున్న. బిల్లే లేనివానికి బిల్లు తగ్గునని చెప్పి వేలకొలది రూపాయలు ఖర్చుపెట్టుమనుట ఎట్లు? పేదలకు ఉచిత విద్యుత్తు నిచ్చుటను మేము తప్పుపట్టము. కాని ఆ కరెంటు ఆకాశమునుండి పడుటలేదు. దాని వెలను ప్రభుత్వము నెలనెలా పంపిణీసంస్థలకు చెల్లింపవలసియున్నది. ఆ యింటి కప్పుపై రెండు కిలోవాట్లు నిలిపినచో ఆ చెల్లింపు తగ్గును. అనగా పలకవలన లాభము పొందువాడు గృహస్థుడు కాదు, ప్రభుత్వమే. లాభము ఎవరిదో పెట్టుబడియు వారిదే కావలెను. ఇదియే మేము ముఖ్యముగ చెప్పదలచిన మాట.

ఈ న్యాయము ఆచరణసాధ్యమని చూపుటకు దృష్టాంతములు మన కన్నులయెదుటనే యున్నవి. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు గలదు. ఆ రాష్ట్రప్రభుత్వమువారు అట్టి యిండ్లకు రెండు కిలోవాట్ల పలకలను గృహస్థు వ్యయము లేకుండ నమర్చుటకును, వెనుకబడిన తరగతుల వారికి కేంద్ర రాయితీకి తోడు 20,000 రూపాయల వరకు ఇచ్చుటకును నిశ్చయించిరి. తెలంగాణమున నాగర్‌కర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లి గ్రామమును 2025లో సంపూర్ణ సౌరగ్రామముగ ప్రకటించిరి. అచట నాలుగువందలకు పైగా ఇండ్లపై మూడేసి కిలోవాట్ల పలకలు వెలసినవి. ఆ గ్రామస్థులు తమ చేతిడబ్బు పోగుచేసికొని సాధించిన పని కాదది. రాయితీయు, ఇతర నిధులును కలసివచ్చుటచే సాధ్యమైనది. ముఖ్యమంత్రి స్వగ్రామమునకు దొరకిన భాగ్యము ప్రక్క యూరికి ఎప్పుడు దొరకునని పల్లెలవా రడిగినచో అది అసూయ కాదు, న్యాయమైన ప్రశ్న.

వేరొక విషయమును గూడ పాలకులు ఆలోచింపవలసియున్నది. ఎక్కువ విద్యుత్తును ఎక్కువ ధరకు కొను గృహస్థులే పంపిణీసంస్థలకు ఆధారము. వారు యూనిటుకు ఎనిమిది, తొమ్మిది రూపాయలు చెల్లించుటచేతనే పేదయింటికి రెండు, మూడు రూపాయలకు దీపము వెలుగుచున్నది. ఆ పెద్ద వాడుకదారులు పగటి యెండతో తమ బిల్లును సున్నచేసికొని, రాత్రివేళ మాత్రము సంస్థ తీగలపై ఆధారపడినచో, ఆ తీగల, స్తంభముల, ట్రాన్స్‌ఫార్మర్ల పోషణవ్యయము ఎవరిపై బడును? మిగిలినవారిపై, అనగా కప్పులేనివారిపై. అద్దెయిండ్లవారు, రేకులయిండ్లవారు, అపార్టుమెంట్లలో ఉమ్మడి డాబా తప్ప స్వంతకప్పు లేనివారు మన పట్టణములలో ఎందరో గలరు. సూర్యుడు అందరివాడే, కప్పు మాత్రము కొందరిది.

వెల విషయమున స్వదేశీప్రశ్నయు నిమిడియున్నది. దేశములో తొలి సౌరఘటమును సాహిబాబాదునందలి సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లోనే తయారుచేసినది. అంత ముందుగ మేల్కొనిన మనము తరువాత నిద్రించితిమి. పెట్టుబడి, పట్టుదల రెండును చైనా చూపినది. సౌరఫలకముల తయారీలో ప్రతి దశయందును నూటికి 80కి మించిన వంతు చైనాదేయని అంతర్జాతీయ ఇంధనసంస్థ 2022లో వెల్లడించినది. అదే సంవత్సరము ఏప్రిలునుండి మనవారు విదేశీ పలకలపై 40 శాతము సుంకము విధించిరి. ఇంటిరాయితీ కావలసినచో దేశములో తయారైన ఘటములతో దేశమునందే కూర్చిన పలకలనే వాడవలెనని నిబంధన పెట్టిరి. హైదరాబాదు చెంత మహేశ్వరమునం దిప్పుడు ఘటములును పలకలును తయారగుచున్నవి. ఇది హర్షింపదగిన పరిణామము. స్వదేశీవస్తువునకు నాలుగు రూపాయలు అధికముగ నిచ్చుటకు తెలుగువారు ఏనాడును వెనుదీయలేదు. కాని ఆ యధికభారమును జాతియంతయు పంచుకొనవలెనే గాని చిన్నయింటివాని నెత్తిన పెట్టరాదు. 2025 సెప్టెంబరు 22 నుండి సోలారు పరికరములపై జి.ఎస్.టి.ని 12 నుండి 5 శాతమునకు తగ్గించుట ఆ దారిని వేసిన సరియైన అడుగు. తగ్గిన పన్ను కొనుగోలుదారుని బిల్లులో కనబడుచున్నదా, వర్తకుని లాభములో గలసిపోవుచున్నదా యని విచారించు అధికారి యొకడు కావలెను.

కొనదలచిన పాఠకులకు రెండు మాటలు. మొదట మీ పండ్రెండు నెలల బిల్లులను ముందు బెట్టుకొని, ఎన్ని యూనిట్లు కాల్చుచున్నారో చూడుడు. అవసరమునకు మించిన పలకలు కొనకుడు. కిలోవాటుకు సుమారు నూరు చదరపుటడుగుల నీడలేని చోటు కావలెను; ప్రక్కమేడ నీడ, నీళ్లతొట్టి నీడ ఉత్పత్తిని హరించును. బ్యాటరీ లేని సామాన్యపు అమరికలో వీధి కరెంటు పోయినప్పుడు ఎండ యున్నను మీ యింట దీపము వెలుగదు. స్తంభమునం దున్న పనివాని ప్రాణరక్షణకై ఇన్వర్టరు తానే యాగిపోవును. ఇది తెలియక పిమ్మట విచారించువారు పెక్కురు. పలకకు ఇరువదియైదేండ్ల హామీ యిత్తురు. ఇన్వర్టరు హామీ అంతకాలము ఉండదు. దాని నొకమారైనను మార్చు ఖర్చును ముందే లెక్కలో వేసికొనుడు. తీరప్రాంతమువారు పలకకంటె చట్రమును ముందుగ పరీక్షింపుడు. 2014లో విశాఖపట్టణముపై విరుచుకుపడిన హుద్‌హుద్ తుపానును చూచినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఇక ప్రభుత్వములకు మా సూచన మూడు మాటలలో చెప్పుదుము. నెలకు 200 యూనిట్లకు లోబడిన ఇండ్లపై పంపిణీసంస్థలే తమ పెట్టుబడితో పలకలు నిలిపి, దానిని మిగిలిన విద్యుత్తు విలువనుండియు, ఆదాయైన ఉచిత విద్యుత్తు సొమ్మునుండియు రాబట్టుకొనవలెను; పథకమునం దిట్టి పద్ధతి కవకాశము గలదు, దానిని విస్తారముగ నాచరింపవలెను. కప్పులేనివారికి ఊరుమ్మడి పలకలలో భాగమిచ్చి, ఆ యూనిట్లను వారి బిల్లులో తగ్గింపవలెను. ప్రతి విద్యుత్ కార్యాలయము గోడపైనను కిలోవాటు వెల, రాయితీ, అంగీకృత వర్తకుల పేర్లు తెలుగున వ్రాసి యుంచవలెను.

పల్లెకు మొదట కరెంటు వచ్చిన దినములలో స్తంభములు నాటుటకైన మొదటి సొమ్ము చాలవరకు రైతు పెట్టినది కాదు. జాతి పెట్టినది, ఆ ఫలమును జాతియే యనుభవించినది. కప్పుపై వెలయనున్న ఈ రెండవ విద్యుత్తుకును అదే నీతి వర్తింపవలెను. అట్లుగాక, కలిగినవాని మేడపై మాత్రమే ఎండ కరెంటుగ మారి, కలుగనివాని రేకుపై అది వట్టి వేడిగనే మిగిలినచో, కోటి యిండ్ల లెక్క పూర్తియైనను పని పూర్తియైనదని మేము చెప్పజాలము.