రాజ్యసభ సీటు రాష్ట్రవాసికే దక్కాలి

లోక్‌సభ సభ్యులకు మనమే ఓటేస్తాం. రాజ్యసభ సభ్యులకు మన బదులు ఎమ్మెల్యేలు వేస్తారు. ఆ సభలో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలున్నాయి. అవి రాష్ట్రాల స్థానాలు కాబట్టే, పోటీ చేసేవారు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం షరతు పెట్టింది. 2003లో పార్లమెంటు దాన్ని తీసేసి, దేశంలో ఎక్కడ ఓటున్నా చాలంది. అదే సవరణతో ఓటింగూ బహిరంగమైంది: ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించాకే పెట్టెలో వేయాలి. ఈ రెండు మార్పులూ కలిసి చేసిన నష్టం పెద్దది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది ఉన్నారు. మూడు ఖాళీలకు అందరూ ఓటేస్తే 44 మొదటి ప్రాధాన్య ఓట్లు తెచ్చుకున్నవారు గెలుస్తారు. బలమున్న పార్టీ అధిష్ఠానం పేరు ప్రకటించిన రోజే ఫలితం దాదాపు తేలిపోతుంది. ఆ పేరుకు రాష్ట్రంతో ఏ సంబంధమూ అక్కర్లేదంటే, గెలిచిన సభ్యుడు ఎవరికి జవాబుదారీ?

సొంత రాష్ట్రం కాకపోయినా 2016లో సురేశ్ ప్రభు ఆంధ్రప్రదేశ్ నుంచి, మన వెంకయ్యనాయుడు రాజస్థాన్ నుంచి, 2024లో అభిషేక్ మను సింఘ్వీ తెలంగాణ నుంచి ఎన్నికయ్యారు. వారి సమర్థతను మేం శంకించడం లేదు. అన్ని పార్టీలకూ అలవాటైన పద్ధతినే తప్పుపడుతున్నాం. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లును ఆమోదించింది, ప్రత్యేక హోదాపై అప్పటి ప్రధాని హామీని విన్నది ఈ సభే. అలాంటి రోజున రాష్ట్రం తరఫున లేచి నిలబడేవారు దాని నీళ్లూ నిధులూ ఉద్యోగాల గొడవల మధ్య బతికినవారై ఉండాలి.

లోక్‌సభకు లేని షరతు రాజ్యసభకెందుకని కొందరంటారు. అక్కడ బయటివారిని ఒప్పుకోవాలో వద్దో ఓటరే తేలుస్తాడు. ఇక్కడ ఆ అవకాశం మనకు లేదు. నివాసం తప్పనిసరి కాదని 2006లో సుప్రీంకోర్టు కుల్దీప్ నయ్యర్ కేసులో చెప్పిన మాట నిజమే. కానీ అర్హతలు నిర్ణయించే అధికారం పార్లమెంటుదేనని ఆ తీర్పే ఒప్పుకుంది, కాబట్టి మామూలు చట్ట సవరణతో షరతును తిరిగి తేవచ్చు. మేధావులకు దారి మూసుకుపోతుందన్న భయమూ అక్కర్లేదు, రాష్ట్రపతి నామినేట్ చేసే 12 స్థానాలున్నాయి. పాత షరతును కాగితపు చిరునామాలతో దాటేశారన్నది మాత్రం బలమైన అభ్యంతరం. అందుకే వట్టి ఓటరు నమోదు చాలదు. నామినేషన్‌కు ముందు కనీసం ఐదేళ్లు రాష్ట్రంలో నివసించినట్టు రుజువు చూపాలి. ప్రభుత్వ బాధ్యతల వల్ల ఢిల్లీలో ఉన్న కాలాన్ని మినహాయించవచ్చు.

మీ ఎంపీని, ఎమ్మెల్యేను నిలదీయండి: ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 3వ సెక్షన్‌ను ఇలా మార్చడానికి మీరు ఒప్పుకుంటారా, లేదా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.