కంపెనీవారి ముందు మన సరుకు గురించి చెప్పడమెలా?

మన పెద్దవాళ్ళు రాయగడ, కొరాపుట్ ప్రాంతాలకు చాలావరకు ఉద్యోగాల కోసమే వచ్చారు. ఇప్పుడు మన పిల్లల్లో కొందరు చిన్న వర్క్‌షాపు పెట్టి, అవే ఫ్యాక్టరీలకు సరుకు అమ్మాలని చూస్తున్నారు. జేకేపూర్ కాగితం మిల్లు, తెరుబలిలో ఇంఫా, కాశీపూర్ వైపు ఉత్కల్ అల్యూమినా, దామన్‌జోడిలో నాల్కో, సునాబెడలో హాల్ – ఇంతమంది పెద్ద కొనుగోలుదార్లు దగ్గరలో ఉండడం అదృష్టమే. వారి ఎదుట కూర్చుని మాట్లాడే ఆ ఇరవై నిమిషాల దగ్గరే చిక్కు.

నేను చాలా ఏళ్ళు ఒక ఫ్యాక్టరీ కొనుగోలు విభాగంలో బల్లకు అవతలి వైపున కూర్చున్నవాణ్ణి. ఒకసారి మనవాడే ఒక కుర్రవాడు కన్వేయరు రోలర్లు అమ్మడానికి వచ్చాడు. తల్లి నగలు కుదువబెట్టి మిషను కొన్నాడని తరువాత తెలిసింది. పావుగంటసేపు తన షెడ్డు గురించి, మిషన్ల గురించి చెప్పాడు. మా రోలర్లు ఎన్నాళ్ళకు పాడవుతున్నాయని ఒక్కమాట అడగలేదు. సరుకు మంచిదే, ఆర్డరు మాత్రం వేరేవారికి వెళ్ళింది.

అందుచేత మొదటి పని, వెళ్ళేముందే వారి ఇబ్బంది తెలుసుకోవడం. ఆ గదిలో ఉండేది ఒక్కరు కాదు. వాడే ఇంజనీరుకు మిషను ఆగకూడదు. స్టోర్సువారికి సరుకు వేళకు రావాలి. అకౌంట్సువారికి లెక్క కుదరాలి. ముగ్గురికీ జవాబు మీ మాటల్లో ఉండాలి.

ధర ఒక్కటే చెప్పకండి, లెక్క కట్టి చూపించండి. ఉదాహరణకు 1,800 రూపాయల రోలరు 6 నెలలు వస్తే నెలకు 300 పడుతుంది. మీది 2,100 అయినా 10 నెలలు వస్తే నెలకు 210 మాత్రమే. పైగా మార్చడానికి మిషను ఆపవలసిన సందర్భాలూ తగ్గుతాయి. అయితే ఆ 10 నెలలకు రుజువు కావాలి. శాంపిలు, పరీక్ష సర్టిఫికెట్టు, ఇదివరకు వాడినవారి ఉత్తరం దగ్గర ఉంచుకోండి. లేకపోతే కొద్ది సరుకు వాడి చూడమని అడగండి. చేయలేనిదానికి మాత్రం ఒప్పుకోవద్దు.

ఇరవై నిమిషాలిస్తే పది నిమిషాల్లో ముగించి, మిగతాది వారి ప్రశ్నలకు వదలండి. పలకరింపు ఒడియాలో ఉంటే మంచిది. చక్కటి ఒడియా మాట్లాడే పిల్లలు మనకు తక్కువేమీ కాదు. తెలియని ప్రశ్న వస్తే "రేపు రాసి పంపిస్తాను" అని చెప్పి, మరునాడే పంపండి.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. సరుకు పంపకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషను చేయించుకోండి. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు బాకీ చెల్లించే గడువు, ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకూడదు. దాటితే వడ్డీ ఇవ్వాలి. నాల్కో, హాల్ వంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏడాది కొనుగోళ్ళలో 25 శాతం ఇటువంటి పరిశ్రమల నుంచి తీసుకోవాలన్న నియమమూ ఉంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. వెళ్ళే ముందురోజు రాత్రి పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీరే కొనుగోలు ఆఫీసరై "నీ దగ్గరే ఎందుకు కొనాలి?" అని అడగండి. ఇంట్లో తడబడితే ఫరవాలేదు, తెల్లవారేలోగా దిద్దుకోవచ్చు.